ముత్తంగి శీతోష్ణస్థితి

ముత్తంగి సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని ఊరు. హైదరాబాద్‌కు వాయవ్య దిశలో ముంబయి వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు ఇక్కడే ఆ రహదారిని దాటుతుంది. చుట్టూ పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, రుద్రారం పారిశ్రామిక ప్రాంతాలు. నాలుగు దిక్కులా ఫ్యాక్టరీల షెడ్లు, గోదాములు, కొత్త కాలనీలు లేచినా వాటి మధ్య ఇప్పటికీ చెల్కలు, రేగడి మడులు, కుంటలు కనిపిస్తాయి.

దక్కన్ పీఠభూమి మీది ఈ ఊరికి ఏడాదిలో మూడు కాలాలు స్పష్టంగా తెలుస్తాయి. మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా పొడి ఎండాకాలం, జూన్ నుంచి అక్టోబర్ దాకా వానాకాలం, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తేలికపాటి చలికాలం. ఏడాది వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో నాలుగింట మూడు వంతులు జూన్–సెప్టెంబర్ నెలల్లోనే కురుస్తుంది. నాలుగు నెలల నీటితో పన్నెండు నెలలు గడపవలసిన చోటు ఇది. అందుకే ఇక్కడి శీతోష్ణస్థితి గురించి చెప్పాలంటే ఎంత వాన పడింది అన్నదానితో పాటు ఆ వానను నేల, చెరువు ఎంతకాలం దాచుకున్నాయి అన్నది కూడా చెప్పాలి.

ఉనికి, ప్రభావం చూపే అంశాలు

ముత్తంగి సుమారు 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. పక్కనే పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ (ఇక్రిశాట్) ఎత్తు 545 మీటర్లు. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది కాబట్టి, ఇదే అక్షాంశంలో సముద్ర మట్టానికి ఉండే ఊరితో పోలిస్తే ఈ ఎత్తు వల్ల మూడు డిగ్రీలకు పైగా చల్లదనం కలిసివస్తుంది. రాత్రిపూట ఆ తేడా బాగా తెలుస్తుంది.

కర్కట రేఖకు దక్షిణాన ఉండటం వల్ల సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు ఈ ఊరి నడినెత్తికి వస్తాడు. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఆకాశం తేటగా ఉండే మే నెలలో ఆ సూర్యుడు నేలను కాల్చేస్తాడు. మబ్బుల చాటున ఉండే ఆగస్టులో మాత్రం అదే సూర్యుడి కింద పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పగటి పొడవులో తేడా పెద్దగా ఉండదు. డిసెంబర్‌లో పగలు 11 గంటలకు కొంచెం ఎక్కువ, జూన్‌లో 13 గంటలకు కొంచెం ఎక్కువ.

మూడో అంశం సముద్రానికి ఉన్న దూరం. బంగాళాఖాతం తీరం ఇక్కడికి దాదాపు 300 కిలోమీటర్లు, అరేబియా సముద్రం 500 కిలోమీటర్లకు పైగా. నైరుతి గాలులు అరేబియా సముద్రం మీంచి తెచ్చే తేమలో చాలా భాగం పడమటి కనుమల మీదే కురిసిపోతుంది. కనుమల శిఖరం మీది మహాబలేశ్వర్‌లో ఏటా 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, కనుమలు దిగి తూర్పుకు వచ్చేసరికి గాలి పొడిబారుతుంది. ఈ వర్షచ్ఛాయా ప్రాంతపు తూర్పు అంచున ముత్తంగి ఉంది. ఇక్కడి నుంచి ఉత్తరాన ఆదిలాబాద్, ఈశాన్యాన ములుగు వైపు వెళ్తుంటే వాన పెరుగుతుంది. దక్షిణాన మహబూబ్‌నగర్ వైపు వెళ్తే తగ్గుతుంది.

కొప్పెన్ వర్గీకరణలో హైదరాబాద్ ప్రాంతం ఉష్ణమండల సవన్నా తరగతిలోకి వస్తుంది. కానీ అది అర్ధశుష్క తరగతి సరిహద్దుకు చాలా దగ్గర. వానలు బాగా పడిన ఏడు ముత్తంగి సవన్నాలా పచ్చగా ఉంటుంది, వానలు ముఖం చాటేసిన ఏడు మెట్ట సీమలా మారుతుంది. ఏడాదికీ ఏడాదికీ మధ్య ఈ ఊగిసలాట ఈ శీతోష్ణస్థితికి సహజ లక్షణం.

నెలవారీ సగటులు

ముత్తంగికి దగ్గరలో దీర్ఘకాలిక రికార్డు ఉన్న వాతావరణ శాఖ కేంద్రం హైదరాబాద్ బేగంపేటలో ఉంది. అక్కడి సగటులను దగ్గరి అంకెకు సవరించి కింద ఇస్తున్నాం. ముత్తంగిలో పగటి ఉష్ణోగ్రతలు దాదాపు ఇవే. చలికాలపు రాత్రులు మాత్రం ఇంతకంటే చల్లగా ఉంటాయి.

| నెల | పగటి గరిష్ఠం (డిగ్రీలు) | రాత్రి కనిష్ఠం (డిగ్రీలు) | వాన (మి.మీ., సుమారు) |
|---|---|---|---|
| జనవరి | 29 | 15 | 5 |
| ఫిబ్రవరి | 32 | 17 | 5 |
| మార్చి | 35 | 20 | 15 |
| ఏప్రిల్ | 38 | 24 | 20 |
| మే | 39 | 26 | 35 |
| జూన్ | 34 | 24 | 100 |
| జులై | 31 | 23 | 165 |
| ఆగస్టు | 30 | 22 | 175 |
| సెప్టెంబర్ | 30 | 22 | 170 |
| అక్టోబర్ | 30 | 20 | 95 |
| నవంబర్ | 29 | 16 | 20 |
| డిసెంబర్ | 28 | 14 | 5 |

ఈ పట్టికలో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, పగటికీ రాత్రికీ మధ్య తేడా జనవరిలో 14 డిగ్రీలైతే ఆగస్టులో 8 డిగ్రీలే. మబ్బు పగలు గొడుగులా, రాత్రి గొంగడిలా పనిచేస్తుంది. రెండోది, మే నుంచి జులైకి పగటి ఉష్ణోగ్రత 8 డిగ్రీలు పడిపోతుంది. ఏడాదిలో ఇంత వేగంగా మారే కాలం మరొకటి లేదు.

ఎండాకాలం

శివరాత్రితో చలి పోతుందని పెద్దలు అంటారు. ఫిబ్రవరి చివరికి మధ్యాహ్నపు ఎండ చురుక్కుమంటుంది. మార్చిలో మోదుగు చెట్లు ఆకు రాల్చి నిప్పురంగు పూలతో నిలబడతాయి. ఉగాదికి వేపపూత వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. అయితే గాలిలో తేమ తక్కువ కాబట్టి చెమట వెంటనే ఆరుతుంది. కోస్తాలో లాంటి ఉక్కపోత ఇక్కడ మే చివరి దాకా ఉండదు. చెట్టు నీడకు చేరితే హాయిగా ఉండటానికీ, కుండలో నీళ్లు చల్లబడటానికీ ఈ పొడిగాలే కారణం.

అదే పొడిగాలి వడగాలి అయినప్పుడు ప్రాణాంతకం. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే భారత వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా ప్రకటిస్తుంది. 45 డిగ్రీలు దాటితే మామూలుతో పోల్చనక్కర్లేదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి రెండు వేల మంది దాకా వడదెబ్బకు చనిపోయారు. హైదరాబాద్ రికార్డుల్లో అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న నమోదైంది. మే నెలలో కాకుండా జూన్‌లో ఈ రికార్డు రావడంలో వింత లేదు. రుతుపవనాలు ఆలస్యమైన ఏడు మృగశిర కార్తె ముంగిట కూడా ఎండ తగ్గదు.

రేకుల షెడ్లలో, కొలిమి దగ్గర, బాయిలర్ పక్కన పనిచేసేవారికి ఈ నెలలు మరీ కష్టం. బయటి ఎండకు లోపలి వేడి తోడవుతుంది. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి ఇక్కడి ఇరుకు గదుల్లో ఉంటున్న కార్మికులకు రాత్రి కూడా ఊరట తక్కువ. పగలంతా వేడెక్కిన స్లాబు తెల్లవారుజాము దాకా ఆ వేడిని వదులుతూనే ఉంటుంది.

ఎండాకాలంలో మధ్యమధ్య గాలివానలు వస్తాయి. మధ్యాహ్నం వేడెక్కిన గాలి పైకి లేచి, సాయంత్రానికి క్యుములోనింబస్ మేఘాలుగా ఎదుగుతుంది. ముందు గాలి దుమారం, తర్వాత ఉరుములు, ఆ వెనుక పది ఇరవై నిమిషాల వాన. కొన్నిసార్లు రాళ్ల వాన. 2023 మార్చిలో పొరుగున ఉన్న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో నేల తెల్లగా కప్పేసేంత వడగళ్లు పడ్డాయి. మామిడి పిందెలకు, ఉల్లికి, చేతికొచ్చిన యాసంగి పంటకు ఈ వానలు దెబ్బ.

వానాకాలం

జూన్ మొదటి, రెండో వారాల్లో నైరుతి రుతుపవనాలు ఈ ప్రాంతాన్ని చేరతాయి. జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిర కార్తెను ఇక్కడ మిరుగం అంటారు. ఆ రోజు చేపలు తినడం ఆనవాయితీ. రెండు మూడు మంచి వానలు పడగానే ఎర్ర చెల్కల్లో ఆరుద్ర పురుగులు, మఖమల్ ముక్కల్లా, బయటకు వస్తాయి. వాటిని చూస్తే విత్తనానికి వేళయిందని రైతు గుర్తు.

రుతుపవనం రావడంతోనే గాలి దిక్కు, తీరు రెండూ మారతాయి. జూన్, జులై నెలల్లో పడమటి గాలి బలంగా, ఎడతెగకుండా వీస్తుంది. ఏడాదిలో గాలి వేగం ఎక్కువగా ఉండే కాలం ఇదే. మబ్బులు తక్కువ ఎత్తులో తూర్పుకు పరుగులు పెడుతుంటాయి, కానీ వాటిలో చాలా వరకు జల్లుతోనే సరిపెడతాయి. కనుమలు దాటి వచ్చిన ఈ గాలికి సొంతంగా కురిసే శక్తి తక్కువ. పెద్ద వానకు బంగాళాఖాతం సాయం కావాలి. వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా పడమరకు కదిలినప్పుడు తెలంగాణలో ముసురు పడుతుంది. రెండు మూడు రోజులు సూర్యుడు కనిపించడు. చిన్న చినుకులతో ఆగకుండా కురిసే ఈ ముసురే నేలలోకి లోతుగా ఇంకే వాన. గంటలో దంచి కొట్టిన వాన వరదై పోతుంది, ముసురు వాన ఊటై నిలుస్తుంది.

రుతుపవన ద్రోణి హిమాలయాల పాదాల వైపు జరిగినప్పుడు దక్కన్‌లో వానలు ఆగిపోతాయి. ఈ విరామం వారం ఉంటే పంటకు మేలు, కలుపు తీసుకోవచ్చు. పదిహేను, ఇరవై రోజులు సాగితే చెల్కలో పైరు వాడిపోతుంది. జులై చివర్లోనో ఆగస్టులోనో ఒకటి రెండు విరామాలు రాని ఏడు అరుదు. అందుకే ఇక్కడి రైతు జులైలో ఎంత వాన పడినా మఖ, పుబ్బ కార్తెలు గడిచేదాకా గుండె మీద చెయ్యి వేసుకొని నిద్రపోడు.

రోజుకు కనీసం రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే వాతావరణ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది. ఆ లెక్కన ఇక్కడ ఏడాదికి వాన రోజులు సుమారు 50. మిగతా మూడు వందల పైచిలుకు రోజులు ఆ యాభై రోజుల మీదే ఆధారపడి ఉంటాయి.

రుతుపవనాలు వెనుదిరిగే కాలం

సెప్టెంబర్ చివర నుంచి గాలి దిక్కు తడబడుతుంది. తంగేడు, గునుగు పూస్తాయి, చెరువులు నిండుగా ఉంటాయి. బతుకమ్మకు ప్రకృతి సిద్ధం చేసిన వేళ ఇది. పూలు దొరికేదీ, వాటిని నీటిలో సాగనంపడానికి చెరువులో నీళ్లు ఉండేదీ ఏడాదిలో ఈ రోజుల్లోనే. గుట్టల మీద సీతాఫలాలు పండేది కూడా ఇప్పుడే.

అయితే ఈ ప్రాంతాన్ని ముంచిన వానల్లో కొన్ని ఈ నెలల్లోనే వచ్చాయి. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు ఆంధ్ర తీరాన్ని దాటి నేరుగా తెలంగాణ మీదికి వస్తాయి. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌లో వేలాది ప్రాణాలు తీసింది. 2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా సాగుతూ బేగంపేటలో 24 గంటల్లో 191.8 మిల్లీమీటర్ల వాన కురిపించింది. అక్టోబర్ నెలకు అక్కడ వందేళ్లకు పైగా అంత వాన లేదు. నగరంలో 24 గంటల రికార్డు 2000 ఆగస్టు 24 నాటి 241.5 మిల్లీమీటర్లు. అంటే ఏడాది వానలో దాదాపు మూడో వంతు ఒక్క రోజులో పడింది.

చలికాలం

నవంబర్‌లో ఆకాశం తేటపడుతుంది. తూర్పు, ఈశాన్య గాలులు వీస్తాయి. కోస్తాకు, తమిళనాడుకు వాన తెచ్చే ఈశాన్య రుతుపవనం ఇక్కడికి వచ్చేసరికి పొడిగాలిగా మిగులుతుంది. పగలు 28, 29 డిగ్రీల మెత్తని ఎండ, రాత్రి చలి. ఉత్తర గాలి బలంగా దిగినప్పుడు రెండు మూడు రోజులు ఇగం పడుతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల కేంద్రాల్లో చలికాలపు ఉదయాల్లో బాగా తక్కువ ఉష్ణోగ్రత చూపేవాటిలో పటాన్‌చెరు ఒకటి. బేగంపేటలో 12, 13 డిగ్రీలు ఉన్న ఉదయాన పటాన్‌చెరులో ఒంటి అంకె నమోదవడం కొత్త కాదు. కారణం సులభం. తేమలేని తేట ఆకాశం కింద ఖాళీ పొలం తన వేడిని రాత్రంతా ఆకాశానికి వదిలేస్తుంది. నగరంలో గోడలు, రోడ్లు ఆ వేడిని పట్టి ఉంచుతాయి. ఇదే జిల్లాలో మరింత పడమరన, ఎత్తయిన ఎర్ర నేలల మీది కోహిర్ పేరు రాష్ట్రంలో అతి చల్లని చోట్ల జాబితాలో తరచూ వస్తుంది. బేగంపేటలో ఇప్పటిదాకా అతి తక్కువ 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న.

డిసెంబర్, జనవరి ఉదయాల్లో పొగమంచు కమ్ముతుంది. రింగ్ రోడ్డు మీద, ముంబయి హైవే మీద లారీలు లైట్లు వేసుకొని నెమ్మదిగా కదులుతాయి. సంక్రాంతికి రేగుపండ్లు, ఆ ముందూ వెనుకా కోహిర్ జామకాయలు అంగళ్లకు వస్తాయి. హిమాలయాలు దాటి వచ్చిన బాతులు, కొంగలు మంజీరా మీద దిగుతాయి. పటాన్‌చెరుకు దగ్గరి అమీన్‌పూర్ పెద్ద చెరువుకు ఫ్లెమింగోలు కూడా వస్తాయి. ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు.

కార్తెల లెక్క

థర్మామీటరు, వానమాపకం రాకముందు నుంచీ ఈ సీమ రైతులు కాలాన్ని కార్తెలతో కొలిచారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. ఏడాదికి ఇరవై ఏడు. చాంద్రమాన తిథులు ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతాయి, కార్తెలు మాత్రం సూర్యుణ్ణి అనుసరించేవి కాబట్టి దాదాపు అవే తేదీలకు వస్తాయి. సేద్యానికి పనికొచ్చే పంచాంగం అదే.

మే 25 ప్రాంతంలో మొదలయ్యే రోహిణిలో రోళ్లు పగులుతాయని సామెత. మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయి. ఆరుద్ర, పునర్వసు ప్రధానంగా విత్తే రోజులు. పుష్యమి, ఆశ్లేష కలుపుల కాలం. ఆగస్టు మధ్యలో మఖ, నెలాఖరున పుబ్బ చెరువులు నింపాలి. ఉత్తర, హస్త కార్తెల వానతో యాసంగికి పదును దొరుకుతుంది. స్వాతి నాటికి వాన ఆగి పత్తి తెల్లబడాలి. ఈ వరుసను పై పట్టికతో పోల్చి చూస్తే తరతరాల పరిశీలనకూ, వానమాపకం అంకెలకూ ఎంత దగ్గరి చుట్టరికం ఉందో తెలుస్తుంది.

నేల దాచుకునే వాన

ఈ ప్రాంతంలో ఆవిరి కాగల నీరు ఏడాది వానకు దాదాపు రెండింతలు. నెలవారీగా చూస్తే జులై నుంచి సెప్టెంబర్ దాకా మాత్రమే నేలకు మిగులు నీరు ఉంటుంది. ఆ మిగులును పట్టుకునే మొదటి పాత్ర నేల. ముత్తంగి చుట్టుపక్కల రెండు రకాల నేలలూ పక్కపక్కనే ఉన్నాయి. ఎర్ర చెల్క, నల్ల రేగడి. 1972లో ఇక్రిశాట్‌ను స్థాపించినప్పుడు పటాన్‌చెరు అనువుగా కనిపించడానికి ఈ రెండు నేలలూ ఒకే చోట ఉండటం ఒక కారణం. భూసార శాస్త్రంలో ఇక్కడి ఎర్ర నేలకు పటాన్‌చెరు శ్రేణి అనీ, నల్ల నేలకు కాసిరెడ్డిపల్లి శ్రేణి అనీ పేర్లు స్థిరపడ్డాయి. అలా మన ఊళ్ల పేర్లు ప్రపంచ మెట్ట సేద్య సాహిత్యంలో నిలిచాయి.

చెల్క వానను తొందరగా తాగుతుంది, తొందరగా ఆరుతుంది. వారం పది రోజులు చినుకు లేకపోతే పైరు తల వాలుస్తుంది. బంకమట్టి ఎక్కువగా ఉన్న లోతు రేగడి 200 మిల్లీమీటర్లకు పైగా నీటిని పైరుకు అందేలా దాచగలదు. వానలు ఆగిన తర్వాత కూడా మూడు నెలలు శెనగను, జొన్నను అది పోషిస్తుంది. కానీ తడిస్తే కాలు పెట్టనివ్వదు, నాగలి దిగనివ్వదు. అందుకే పాతకాలంలో చాలామంది రేగడిని వానాకాలమంతా బీడుగా ఉంచి, సెప్టెంబర్, అక్టోబర్‌లలో మాత్రమే విత్తేవారు.

ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1976లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు సాగించిన ప్రయోగం ఈ చిక్కుకు దారి చూపింది. నేలను వెడల్పాటి ఎత్తు మడులుగా, మధ్యలో కాలువలుగా మలిచి, మిగులు నీరు మెల్లగా జారిపోయే వాలు ఇచ్చారు. మిరుగానికి ముందే పొడి దుక్కిలో జొన్న లేదా మొక్కజొన్నను, కందితో కలిపి విత్తారు. జారిన నీటిని కుంటలో నిలిపారు. ఏళ్ల తరబడి సగటున ఆ మడుల్లో హెక్టారుకు సుమారు 5 టన్నుల గింజ పండితే, పాత పద్ధతి మడుల్లో సుమారు ఒక టన్ను పండింది. రెండింటి మీదా పడిన వాన ఒక్కటే. సాగు పద్ధతిలో ఉన్న తేడాయే దిగుబడిలో తేడా అయింది.

చెరువులు, మంజీరా

నేల తర్వాత రెండో పాత్ర చెరువు. గుట్టల మధ్య పల్లానికి కట్ట వేసి, పైచెరువు మత్తడి దుంకిన నీరు కిందిచెరువుకు చేరేలా గొలుసుకట్టుగా తవ్వుకోవడం తెలంగాణ తీరు. పటాన్‌చెరు సాకి చెరువు, ఇస్నాపూర్ చెరువు, అమీన్‌పూర్ పెద్ద చెరువు ఈ సంప్రదాయానికి చెందినవే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులు, కుంటల పూడిక తీయాలన్న సంకల్పంతో వచ్చింది. తీసిన ఒండ్రు మట్టి పొలాలకు చేరి చెల్కలకు నీరు పట్టే గుణాన్ని ఇచ్చింది.

మూడో పాత్ర మంజీరా నది. మహారాష్ట్ర బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, సంగారెడ్డి జిల్లా గుండా పారి గోదావరిలో కలుస్తుంది. ఆ నది మీది సింగూరు జలాశయం సామర్థ్యం దాదాపు 30 టీఎంసీలు. ఎగువ మరాఠ్వాడాలో వాన పడితేనే అది నిండుతుంది. 2015 కరువులో సింగూరు అడుగంటింది, 2016 సెప్టెంబర్ వానలకు నిండింది. 2019లో మళ్లీ ఎండింది, 2020 అక్టోబర్‌లో మళ్లీ నిండింది. నాలుగైదేళ్లలో రెండుసార్లు ఎండి, రెండుసార్లు నిండిన ఆ జలాశయం ఈ సీమ వానల ఊగిసలాటకు నిలువెత్తు కొలబద్ద. పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కే ఎల్‌నినో ఏర్పడిన 2002, 2009, 2015 సంవత్సరాల్లో దేశం మొత్తం మీద వాన లోటు పడింది.

పరిశ్రమలు, గాలి, నీరు

1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ మందుల, రసాయనాల, ఇనుము ఉక్కు ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇక్కడి కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం దేశ పర్యావరణ న్యాయ చరిత్రలో ముఖ్యమైనది. ఫ్యాక్టరీ వదిలిన పొగ ఎక్కడికి పోతుందో, వ్యర్థజలం ఎంత పలచబడుతుందో నిర్ణయించడంలో కాలానికి పెద్ద పాత్ర ఉంది.

మామూలుగా నేల దగ్గర గాలి వెచ్చగా, పైన చల్లగా ఉంటుంది. వెచ్చని గాలి పైకి లేస్తూ పొగను తీసుకుపోతుంది. చలికాలపు రాత్రి నేల తొందరగా చల్లబడి ఈ వరుస తిరగబడుతుంది. దీన్ని ఉష్ణోగ్రతా విలోమనం అంటారు. అప్పుడు చల్లని గాలి మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. ఫ్యాక్టరీల ఘాటు, లారీల పొగ, చలిమంటల బూడిద ఆ మూత కిందే తిరుగుతాయి. పొద్దుపోయాకా, తెల్లవారుజామునా వాసన ఎక్కువగా తెలియడానికి కారణం ఇదే. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గాలి నాణ్యత పడిపోతుంది, జులై–ఆగస్టులలో పడమటి గాలి, వాన కలిసి ఆకాశాన్ని కడిగేస్తాయి.

నీటి సంగతి దీనికి భిన్నం. వాన గాలిని కడుగుతుంది, కానీ కడిగినదంతా పల్లానికే చేరుతుంది. పారిశ్రామిక ప్రాంతం గుండా పారే నక్కవాగు చివరికి మంజీరాలో కలుస్తుంది. ఎండాకాలంలో వాగులో కలిపి పలుచన చేసే నీరు ఉండదు. తొలకరి వరదలో నెలల తరబడి నేల మీద పేరుకున్నదంతా ఒక్కసారిగా కదులుతుంది. నాలుగు నెలల వానతో ఏడాది గడిపే సీమలో చెరువును, వాగును చెడగొట్టడమంటే మిగతా ఎనిమిది నెలల నీటిని చెడగొట్టడమే.

సముద్ర తీరపు ఊళ్లతో పోలిక

ముత్తంగి ముందు నుంచి పోయే 65వ నంబరు రహదారి తూర్పున మచిలీపట్నంలో సముద్రం దగ్గర ముగుస్తుంది. ఒకే రోడ్డు మీది ఈ రెండు ఊళ్లకూ కాలాలు వేరు. మచిలీపట్నంలో సముద్రపు గాలి పగటి వేడిని, రాత్రి చలిని రెంటినీ మెత్తబరుస్తుంది. ఏడాది పొడవునా గాలిలో తేమ ఉంటుంది, అక్టోబర్, నవంబర్ నెలల్లోనూ పెద్ద వానలు పడతాయి. ఇంకా దూరం చూస్తే, నార్వే పడమటి తీరాన బెర్గెన్ నగరంలో ఏటా 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన, 200కు పైగా రోజుల్లో, అన్ని నెలల్లోనూ పడుతుంది. అక్కడ నీటిని దాచుకోవడం కంటే నీటి నుంచి ఇంటిని కాపాడుకోవడమే పెద్ద అవసరం. బెర్గెన్‌కు సముద్రమే చెరువు. ముత్తంగికి చెరువే సముద్రం.

మారుతున్న తీరు

భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రచురించిన నివేదిక ప్రకారం దేశ సగటు ఉష్ణోగ్రత 1901–2018 మధ్య దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950–2015 మధ్య మూడు రెట్లయ్యాయని 2017లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ముసురు తగ్గి కుండపోత పెరిగితే అదే 800 మిల్లీమీటర్లలో నేలలోకి ఇంకేది తగ్గుతుంది, వరదై పోయేది పెరుగుతుంది.

దీనికి స్థానిక మార్పులు తోడవుతున్నాయి. పొలాల చోట కాంక్రీటు పరుచుకుంటున్న కొద్దీ రాత్రులు వేడెక్కుతాయి. గొలుసుకట్టులో ఒక్క కాలువ పూడితే పైచెరువు మత్తడి నీరు కాలనీల్లోకి వస్తుంది, కిందిచెరువు ఎండిపోతుంది. ఇళ్లలోకి నీళ్లు వచ్చిన ఊళ్లోనే మార్చిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే స్థితి వస్తుంది.

ఈ మార్పులను గమనించే సాధనాలు ముత్తంగికి చేరువలోనే ఉన్నాయి. ఇక్రిశాట్ వాతావరణ కేంద్రం దశాబ్దాలుగా రోజువారీ లెక్కలు రాస్తోంది. రాష్ట్ర ప్రణాళికా విభాగపు ఆటోమేటిక్ కేంద్రాలు మండలాల వారీగా వాన, ఎండ, గాలి వివరాలు ఇస్తున్నాయి. ఇక్రిశాట్, బొల్లారం, పాశమైలారంలలో గాలి నాణ్యతను నిరంతరం కొలిచే కేంద్రాలున్నాయి. ఇవన్నీ ఎంత పడిందో, ఎంత మండిందో చెబుతాయి. పడినదాంట్లో ఎంత మిగిలిందో చెప్పేవి మాత్రం ఊరి బావిలో నీటి మట్టం, రేగడి మడిలో జానెడు లోతున తగిలే పదును, ఉగాది నాటికి చెరువులో కనిపించే నీళ్లు. వానమాపకంతో పాటు ఈ మూడింటినీ చదివినప్పుడే ముత్తంగి శీతోష్ణస్థితిని పూర్తిగా చదివినట్టు.